తుపాకీ మీది రావాకు

నంద్యాలలో పాత ఆయుధాల ప్రదర్శనలో ఒక తుపాకీ దగ్గర ఆగిపోయాను. మీట నొక్కితే మందును పేల్చే గుర్రం పక్కన, ఇనుప రేకు మీద, మా ఇంటి తుపాకీ మీదున్న రావాకు గుర్తే.

ఆయుధపూజకు మీ ఇళ్లలోనూ కొడవళ్లకు బొట్లు పెట్టేవాళ్లు, గుర్తుందా? ఆళ్లగడ్డలో మా అబ్బ, అంటే నాయన తండ్రి, తాతల నాటి తుపాకీకి సరిగ్గా ఆ ఆకు మీదే కుంకుమ అద్దేవాడు.

“మన పాళెగాండ్ల ముద్రరా ఇది. కుంపిణీవాళ్లను కాల్చిన తుపాకి.”

“కాకినన్నా కొట్టింది ల్యా. అన్నానికి లెయ్,” అనేది మా నాయనమ్మ, జేజి.

ప్రదర్శన పెట్టినాయన్ను ఆ రావాకు గుర్తేమిటని అడిగాను.

“ఆకు కాదన్నా, గుండె బొమ్మ. ఈస్టిండియా కుంపిణీ తన సిపాయిల తుపాకులకు కొట్టిన ముద్ర.”

మా తుపాకీ మావాళ్లు సిపాయి దగ్గర లాక్కున్నదా, మావాడే ఆ సిపాయా? అబ్బ లేడు. ఉన్నా, ఈ ఒక్కటీ అడిగేవాణ్ణి కాదు.