బొమ్మ గీస్తే గానీ మాట రాని మావయ్య

పొద్దున్నే పెసరట్టు ముందు పెడితే చాలు, మా మాణిక్యాలరావు మావయ్య చట్నీలో వేలు ముంచి దాని మీద బొమ్మ గీస్తారు. అమలాపురం కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. గీయకుండా ఆయనకు మాట రాదు.

“చూడు పాపాయీ, కూరలో ఉప్పు నిన్న ఇక్కడుంది, ఇవేళ ఇక్కడికెళ్ళింది,” అంటూ నాకు చూపిస్తూ గీత పైకి లాగుతారు.

“గీతలు తర్వాత లాగుదురుగాని, అట్టు చల్లారిపోతోందండీ,” అంటుంది అత్తయ్య.

ఓసారి ఆటో అబ్బాయికి సీటు మీది దుమ్ములో కాలువలు, వంతెనలు, ఉత్తరం దిక్కుతో సహా ముమ్మిడివరం దారంతా గీసిచ్చారు. “నేను రోజూ వెళ్ళే ఊరేనండీ. మీరెక్కడ దిగుతారని అడిగేనండీ,” అన్నాడతను.

ఇక నా సంగతి. తెలుగు ఎం.ఏ. చదివాను. పుస్తకాలతో ఎంతసేపైనా మాట్లాడతాను; ఎదురుగా మనిషుంటే గొంతు పెగలదు. కిందటేడు లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పబోయి, నా పేరు దగ్గరే ఆగిపోయాను. ఈసారి ముక్తేశ్వరం వైపు ఇంకో కాలేజీ పిలిచింది. ఇదీ పోతే బాబాయి కొబ్బరి కొట్లో కూర్చోబెడతానంది అమ్మ.

“పాఠం ఏంటే?” అన్నారు మావయ్య.

“ప్రబంధంలో నాయికా నాయకుల పరస్పర విరహం అండీ.”

“గీయి.”

“విరహాన్నెలా గీస్తారు మావయ్యా?”

“ఎవరు ఎవర్ని బాధపెడుతున్నారో బాణం గుర్తులెయ్యి.”

వెన్నెల నుంచి నాయికకో బాణం. చల్లగాలి నుంచి ఒకటి. కోయిల, చిలక, చందనం, అన్నీ పాపం ఆవిడ మీదికే. మావయ్య కళ్ళజోడు సర్దుకున్నారు.

“మరి ఈయనగారికేం తగల్లేదేంటే?”

పద్యాలన్నీ మళ్ళీ వెతికాను. నాయకుడు హాయిగా వేటకెళ్ళాడు. ఆ ‘పరస్పరం’ మీద నేను ఎం.ఏ.లో పేజీలకు పేజీలు రాసి, మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను!

డెమో రోజు వస్తూనే బోర్డు వైపు తిరిగి బాణాలు వేశాను. వెనక బెంచీ నుంచి ఓ అమ్మాయి, “మేడమ్, హీరోకి ఒక్కటీ లేదండీ!” అని అరిచింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వేసరికి గొంతు వచ్చింది. తర్వాత వారం ఉద్యోగమూ వచ్చింది.

“అందరూ బోర్డునే చూశారు మావయ్యా, నన్నెవరూ చూళ్ళేదు.”

“ఆయ్, మరందుకే కదా! నా క్లాసులోనూ నీలాంటోళ్ళుండేవారు. మొహంలోకి చూసి ప్రశ్న అడిగితే కళ్ళనీళ్ళెట్టుకునేవారు. బొమ్మకేసి చూస్తూ అడిగితే, ఇదిగో ఇక్కడండీ అని వేలెట్టి చూపించేసేవారు. అప్పట్నించీ గీయకుండా మాట్లాడ్డం మానేసేను.”

ఇప్పుడు మావయ్య సాయంత్రాలు ఇంటి వరండాలో పదో తరగతి పిల్లలకు సైన్సు చెబుతున్నారు. మూడు వైపులా గోడలకు నల్లరంగు వేయించేశారు.