మామ్మ ఆకు దూసిన మల్లె

మా మామ్మకి బాప్తిస్మంలో పెట్టిన పేరు ఎస్తేరు. మేముండే మోవా పేటలో మాత్రం అందరికీ వరహాలమ్మే. తాతకి రైల్వేలో ఉద్యోగమై విజయనగరం వైపు నుంచి రాయపూర్ వచ్చినప్పుడు, సంచిలో ఒక మల్లె అంటు తెచ్చుకుందట. తాత పోయాడు, క్వార్టరు పోయింది. మల్లె మాత్రం ఆమెతోపాటు ఇళ్లు మారుతూ వచ్చింది.

ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలయ్యే వారంలో ఏటా దానికి గండమే. నీళ్లు మాన్పించి, కొమ్మలు కత్తిరించి, ఒక్కటి మిగలకుండా ఆకు దూసేస్తుంది. అలా ఎండగడితేనే మొగ్గ కడుతుంది. లేకపోతే ఒట్టి ఆకే. ఆ పూలు ఈస్టరు పొద్దున మా తెలుగు సంఘం చర్చిలో సిలువకి దండ అవుతాయి. దూస్తూ నాకు ప్రసంగం చేస్తుంది.

"సూడవే గుంటా. దేవుడు మనల్నీ ఇలాగే దూత్తాడు. పగతో కాదు, పూయించడానికి."

"నన్ను పదో తరగతిలో ఫెయిల్ చేసి అప్పుడే దూసీసినాడు కదా, పువ్వేదీ మామ్మా?" అంటాను. చేతిలో కొమ్మతో కాళ్ల మీద ఒకటి తగులుతుంది.

ఈ ఏడు ఆకు దూసిన కొద్ది రోజులకే ఆమె రొమ్ములో గడ్డ కేన్సరని తేలింది. మొదటిసారి మందు ఎక్కించాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చేసింది. కొంగు తలకి చుట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. నవ్విద్దామని "గుండు పాదిరీ గారూ, ప్రార్థన చెయ్యండి" అన్నాను. ఆమె తిట్టలేదు. మామ్మ తిట్టకపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

రెండోసారి మందుకి రోజు చెప్పారు. "నానెల్ను" అంది. నాన్న ఉర్లా ఫ్యాక్టరీలో సెలవు పెట్టి వచ్చి బతిమాలాడు.

"అమ్మా, మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ పెరిగిపోద్దని డాక్టర్ సాబ్ సాఫ్‌గా చెప్పీసినారు."

"ఒక్కసారికే ఇలగైపోనాను. ఇంకోసారికి నానుంటానేటి? నన్నొగ్గీరా బాబూ."

చెప్పిన రోజు దాటిపోయింది. పొద్దున్నే లేచి, ఆమె పక్కలోకి వంగి ఊపిరి ఆడుతోందో లేదో చూడటం నాకు అలవాటైంది. ఒకసారి అలా చూస్తే పక్క ఖాళీ. వాకిట్లోకి పరిగెత్తాను. మామ్మ చెంబుతో మల్లె మొదట్లో నీళ్లు పోస్తోంది.

"ఇప్పుడు పొయ్యకూడదు కదా మామ్మా?"

"బోడిగా ఉంటే సూడలేకపోతన్నానే. సచ్చిపోద్దేమో."

రోజూ పోసింది. ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి మల్లె దుబ్బు పచ్చగా గుబురెక్కింది. మామ్మ దాన్ని నిమిరి, "దేవుడు జాలి సూపినాడు. నాకింక మందు అక్కర్లేదు" అంది. నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఈస్టరు ముందు రోజు బుట్ట పట్టుకుని ఆకులు విడదీసి వెతికాను. ఒక్క మొగ్గ లేదు.

"సిలువకి ఈసారి తోటకూర కట్ట కట్టీద్దామా?" అన్నాను.

మామ్మ వచ్చి తానే వెతికింది. కొమ్మ కొమ్మా తిప్పి చూసింది. తర్వాత మట్టిలోనే కూలబడింది.

"జాలి దేవుడిది కాదే. నాది. దూసీవోడి సెయ్యి పట్టుకుని ఆపీసినాను."

నేను పక్కన కూర్చున్నాను. చేతుల మట్టి దులుపుకుని, "మీ నానని ఆటో సెప్పమను, సోమారానికి" అంది.

సోమవారం ఆసుపత్రి గుమ్మంలో ఆమె కాళ్లు ఆగిపోయాయి.

"బయమేత్తందే."

"నాకూను."

"ప్రభువు కూడా తోటలో బయపడే కదా సిలువకి ఎల్నాడు. పద."

సూది గుచ్చుతుంటే ఆమె గోళ్లు నా మణికట్టులో దిగాయి. రెండో చెయ్యి మాత్రం నర్సు ముందు చాచే ఉంచింది.