అరగని లోహం

మూడు రోజులయ్యింది బావా, నాకు అన్నం సయించడం నేదు. నాను సేసిన ఘనకార్యం ఏటో సెప్తాను, యిను. నవ్వొస్తే నవ్వీ, తిట్టకు మాత్రం!

మా ల్యాబులో అణు కరెంటు ప్లాంటు వాల్వులకి అరగని లోహం తయారు సేత్తన్నాం కదా. ఇప్పుడు వాడేదాంట్లో కోబాల్టు ఉంటాది. అది అరిగి, నీళ్ళలో కలిసి రియాక్టర్లోకెల్తే రేడియేషన్ పట్టీసుకుంటాది. ఆ వాల్వు రిపేరుకి లోపలికి దూరీది ఎవుడు? మనలాంటి కాంట్రాక్టు ఫిట్టరే! అందుకే కోబాల్టు నేకుండా సెయ్యాలని మా సుజాత మేడం రెండేళ్ళుగా పడని పాట్లు నేవు.

సేసిన ముక్కనల్లా తిరిగే స్టీలు పళ్ళెం మీద నొక్కి, రాపిడికి ఎంత అరిగిందో తూకం సూసీది నాను. ఇన్నాళ్ళూ అన్నీ అరిగిపోయీవే. సోమవారం ఆఖరి ముక్క ఎక్కించినాను. సాయంత్రం తూకమేస్తే... వీసమెత్తు తగ్గనేదు! మేడం కళ్ళంట నీళ్ళు. "సత్యం, సాధించాం!" అని జీడిపప్పు బర్ఫీ తెప్పించారు. నాను నాలుగు తిన్నాను.

బుధవారం ఆ పళ్ళెం తీసి తుడుత్తన్నాను. గుడ్డంతా జిడ్డు! ఓలమ్మో! మన ఊరి ఉప్పుగాలికి ఏది వదిలినా తుప్పే కదా, ఇనుము కనిపిస్తే నూనె రాయందే నాకు తోసదు. అంతకుముందు శుక్రవారం ఇంటికెల్తూ ఆ పళ్ళేనికీ రాసీసినాను. సోమవారం కడగడం మర్సిపోనాను! నూనె సుక్క ఉన్నా ఆ టెస్టు సెల్లదు.

ఆ రోజంతా నోరు మెదపనేదు. మార్చిలో నా కాంట్రాక్టు అయిపోద్ది బావా, పొడిగించాల్సింది ఆవిడే. మర్నాడు రిపోర్టు ఎల్లిపోద్ది, ఎవుడికి తెలుస్తాది? గానీ రేపు ఆ వాల్వు అరిగి కారితే దూరీవోడు నాలాంటోడే కదా. బయమేసింది. గురువారం పొద్దున్నే ఎల్లి సెప్పీసినాను.

మేడం పళ్ళెం కడిగించి, దగ్గరుండి మళ్ళీ టెస్టు పెట్టించారు. ముక్క సబ్బుబిళ్ళలా అరిగిపోనాది. ఆవిడ కుర్చీలో కూలబడిపోయి, "రెండేళ్ళు కష్టపడి మనం కనిపెట్టింది ఏంటో తెలుసా సత్యం? నూనె రాస్తే ఇనుము అరగదని!" అన్నారు.

"ఆ సంగతి మా ఊరి ఎడ్లబండోళ్ళకి ఎప్పుడో తెలుసు మేడం" అని నోటిదాకా వచ్చీసినాది. మింగీసినాను. పొద్దున్న ఒకసారి నోరు తెరిసి రెండేళ్ళ పని ముంచీసినాను కదా, సాలదేటి!