బాబాయి రికార్డు రూమ్‌లో మూడు జీబీ చోటు

ఈ సంగతి రాసి పెట్టక తప్పడం లేదు. మా చుట్టాల్లో దీనికి ఇప్పటికే మూడు కథనాలు తిరుగుతున్నాయి. కాకినాడ వాళ్లు చెప్పేదాని ప్రకారం నేను ఢిల్లీ వెళ్లి బాబాయి కంప్యూటర్ తగలేశాను. సామర్లకోట వాళ్ల ప్రకారం నేనెవరో పెద్దమనిషిని పట్టుకుని బాబాయికి బదిలీ చేయించాను. బాబాయి స్వయంగా చెప్పేదాంట్లో ఒక వైరస్ ఉంటుంది, నేనుండను. జరిగింది కళ్లారా చూసినవాళ్లం నలుగురం. అందులో పుస్తకాలు చదివే అలవాటున్నవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి రాసే బాధ్యత నా మీద పడింది.

ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ అంటే ఒక మనిషి కింద లెక్క. దానికొక మూల, దాని మీదొక ఎంబ్రాయిడరీ గుడ్డ, వానాకాలం ఉరిమితే ముందు దాని ప్లగ్గు పీకడం, ఆ తర్వాతే ఆరేసిన బట్టలు తేవడం. ఆర్.కె. పురంలో బాబాయి వాళ్ల గవర్నమెంటు క్వార్టర్‌కి నేను డిగ్రీ పాసై, ఉద్యోగం వెతుక్కునే మిషతో దిగాను. దిగిన వారానికే నడిచి వెళ్లేంత దూరంలో ఒక లైబ్రరీ కనిపెట్టాను. (ఉద్యోగం కనిపెట్టడానికి మరో ఏడాది పట్టింది.) అక్కడ కంప్యూటర్ మరమ్మతుల మీద ఎర్ర అట్ట పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని రాసి ఇస్తూ లైబ్రరీ అంకుల్ కళ్లజోడు పైనుంచి చూసి, "పూరా పఢ్‌నా బేటా, ఆధా నహీ" అన్నాడు, సగంలో వదలకుండా మొత్తం చదవమని. తొమ్మిది అధ్యాయాల్లో ఏడు చదివేసరికే నాకు విద్య వచ్చేసినట్టు అనిపించింది. టీవీ రిమోట్ పనిచెయ్యడం లేదని పిన్ని అంటే, సున్నాలూ ఒకట్లతో ప్రపంచం ఎలా నడుస్తుందో అరగంట చెప్పాను. పిన్ని ఓపిగ్గా విని బ్యాటరీ మార్చుకుంది.

అలాంటి రోజుల్లో గ్రేటర్ నోయిడాలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి లైబ్రరీ సహాయకుడి ఉద్యోగానికి నాకు పిలుపొచ్చింది. నా జీవితంలో అది మొదటి ఇంటర్వ్యూ. పైగా లైబ్రరీలో! ఆ కాలేజీకి కొత్త వ్యామోహం ఒకటి పట్టుకుంది: ఇంటర్వ్యూలన్నీ కంప్యూటర్ మీదే, మనిషి పక్క వీధిలో ఉన్నా సరే తెర మీదే కనిపించాలి. శనివారం సాయంత్రం నాలుగింటికి. తెర మీద మాట్లాడుకునే ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే, ముందు నీ కంప్యూటర్‌ని అప్‌డేట్ చేసుకో అంది. అప్‌డేట్ చెయ్యబోతే, డిస్కులో చోటు లేదు, మూడు జీబీ ఖాళీ చెయ్యి అంది. మా ఇంట్లో ఉన్నవన్నీ బటన్ ఫోన్లే. శనివారం ఉదయం పదింటికి నా భవిష్యత్తుకీ నాకూ మధ్య మూడు జీబీ అడ్డం ఉంది.

"అనవసరమైన ఫైళ్లు తీసేస్తే చాలు బాబాయ్. ఆరో అధ్యాయంలో ఉంది" అన్నాను.

బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన ఒక మంత్రిత్వ శాఖలో రికార్డు రూమ్ చూసే సెక్షన్ ఆఫీసర్. "అనవసరమైనదని ఎవరు తేల్చారు?" అన్నాడు. "కాగితం చింపాలంటే ఒక పద్ధతుంది. శాశ్వతంగా ఉంచేవి, పదేళ్లు ఉంచేవి, మూడేళ్లు ఉంచేవి. మూడేళ్లు దాటినవాటికి జాబితా రాయాలి. కమిటీ చూడాలి. సంతకం పడాలి. అప్పుడు."

"కమిటీ అంటే?"

"నేను అధ్యక్షుణ్ని. నువ్వు కార్యదర్శివి. తెల్ల కాగితాలు తే."

నవ్వకండి. ఇరవై మూడేళ్ల వయసులో, తిండి పెడుతున్న బాబాయి కమిటీ వేస్తే కూర్చోవడం తప్ప ఏం చేస్తాం? ఆయన ఏ ఉత్తరమైనా మూడు కాపీలు దాచేవాడు: ఒకటి అసలు, ఒకటి ఆఫీసు కాపీ, ఒకటి "అదనపు". గ్యాస్ కనెక్షన్ ఫిర్యాదు మూడు, మేడ మీద నీళ్ల ట్యాంకు కారుతోందన్న ఉత్తరం తొమ్మిది (ట్యాంకు ఇంకా కారుతూనే ఉండేది). ఒక్కొక్కటీ చదివి, వరస నంబరు వేసి, ఆయన పొట్టి సంతకం చేశాక నేను తీసేసేవాణ్ని. పదకొండో తరగతి చదువుతున్న వాళ్ల అమ్మాయి చిట్టి మాకు ఎదురుగా పరాఠా తింటూ కూర్చుంది. ఆ పిల్లకి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం హిందీయే వస్తుంది.

"భయ్యా, నౌకరీ తో మిల్ గయీ ఆప్‌కో. పాపా కే సెక్షన్ మే." వాళ్ల నాన్న సెక్షన్లోనే నాకు ఉద్యోగం దొరికేసిందట.

"నువ్వు తిని లే" అన్నాడు బాబాయి.

రెండున్నరకి మూడు వందల పన్నెండు ఫైళ్లు తీసేశాం. నేను గర్వంగా డిస్కు లెక్క చూశాను. అణువంతైనా మారలేదు. పరుగున వెళ్లి ఎర్ర పుస్తకం తెరిచి, చదవకుండా వదిలేసిన ఎనిమిదో అధ్యాయం నిలబడే చదివాను. అక్కడ తెలిసింది. తీసేసినవి ఎక్కడికీ పోవు, తెర మీది చెత్తబుట్టలోకి చేరి అక్కడే ఉంటాయి. బుట్ట ఖాళీ చేస్తేనే చోటు. బుట్ట తెరిచి చూస్తే కంప్యూటర్ కొన్న నాటి నుంచీ పడేసినవన్నీ ఉన్నాయి, చిట్టి డాన్సు వీడియోల బరువైన నకళ్లతో సహా.

"బాబాయ్, ఈ చెత్తబుట్ట ఒక్కటి ఖాళీ చేస్తే అయిపోతుంది."

"అది చెత్తబుట్ట కాదురా. అది రికార్డు రూమ్" అన్నాడు. "దాని జోలికి వెళ్లకు."

"ఒక్క నొక్కు బాబాయ్. నాలుగింటికి ఇంటర్వ్యూ."

"వద్దన్నానా?"

అంతవరకూ పద్ధతి కోసం పట్టుబట్టిన మనిషి ముఖంలో ఇప్పుడు పద్ధతి లేదు, భయం ఉంది. సరిగ్గా అప్పుడే పిన్ని ఉదయం డ్యూటీ నుంచి వచ్చింది. పిన్ని హాస్పిటల్లో నర్సు. చెప్పులు విడుస్తూనే సంగతి విని, "ఆ బుట్టలో అంత బంగారం ఏముందండీ?" అంటూ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. రోగి చార్టు చదివినట్టు పైనుంచి కిందికి పేర్లు చదువుకుంటూ వెళ్లి ఒకచోట ఆగింది.

బదిలీ దరఖాస్తు, ఒకటి. పక్కనే బ్రాకెట్లో: పంపలేదు. బదిలీ దరఖాస్తు, రెండు. పంపలేదు. అలా పదకొండు. ఏడాదికొకటి. రికార్డు రూమ్ మనిషి కదా, పంపని ఉత్తరానికి కూడా పంపలేదని రాసి పెట్టుకున్నాడు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. పిన్నికి విశాఖపట్నం వెళ్లిపోవాలని ఆశ. ఏటా జనవరిలో బాబాయి దరఖాస్తు రాసి, పిన్నికి చదివి వినిపించి, కవర్లో పెట్టుకుని ఆఫీసుకి వెళ్లేవాడు. ఏటా గవర్నమెంటు కాదనేది. పిన్ని గవర్నమెంటుని తిట్టి, ఆదివారం చర్చిలో మా తెలుగు సంఘం ముందు లేచి నిలబడి ప్రార్థన కోరేది.

"పదకొండేళ్లు" అంది పిన్ని, నెమ్మదిగా. "సంఘమంతా మోకాళ్ల మీద ఉండి ప్రార్థన చేశారు. పాస్టరమ్మ గారు ఉపవాసం కూడా ఉన్నారు. మీరు నా పక్కనే నిలబడి ఆమెన్ అన్నారు."

"అందరూ అంటుంటే అనకపోతే బాగుండదని" అన్నాడు బాబాయి.

"ఎందుకు పంపలేదు?"

బాబాయి తెర మీంచి చూపు తిప్పుకుని చెప్పాడు. "ఇక్కడ నేను సెక్షన్ ఆఫీసర్ని. పదిమంది లేచి నమస్కారం పెడతారు. అక్కడికెళ్తే అయిదుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాణ్ని. యాభై ఏళ్లొచ్చినా, ఒరేయ్ చిన్నోడా, కిళ్లీ పట్రా అంటారు." (అనేవాళ్లలో మొదటివారు మా నాన్నగారే కాబట్టి నేను గోడ గడియారం చూశాను. మూడూ పది.)

పిన్ని కూడా గడియారం చూసింది. ఇద్దరు రోగులొకేసారి వస్తే ఎవర్ని ముందు చూడాలో ఆవిడకి తెలుసు. "ముందు వీడి ఇంటర్వ్యూ. మీ సంగతి తర్వాత. ఖాళీ చెయ్యి అబ్బాయ్."

"ఆ పదకొండూ..." అన్నాడు బాబాయి.

"నేను చూశాను కదా. ఇంక రికార్డు దేనికి?"

నొక్కాను. నాలుగు జీబీ ఖాళీ. అప్‌డేట్ మొదలైంది. ఎనభై ఏడు శాతం దగ్గర అది అలసిపోయి ఆగినప్పుడు, అప్పటిదాకా దేవుణ్ని పెద్దగా ఇబ్బంది పెట్టని నేను కూడా మనసులో ఒక ఆమెన్ అనుకున్నాను. కంప్యూటర్ దానంతటదే ఆరింది, వెలిగింది, మళ్లీ ఆరింది. నాలుగూ ఆరు నిమిషాలకి తెర మీద ఒక మేడమ్ ముఖం వచ్చింది.

"ఆప్‌కీ ఆవాజ్ ఆ రహీ హై" అన్నారావిడ. "పీఛే కిసీ లేడీ కీ భీ. కౌన్ హై?" నా గొంతుతో పాటు వెనక ఎవరో ఆడమనిషి గొంతు కూడా వినిపిస్తోందట.

వంటింట్లోంచి "మోకాళ్ల మీద!" అన్న మాట స్పష్టంగా వినిపించింది.

"మేరీ పిన్ని... ఆంటీ హై మేడమ్. ప్రార్థన చల్ రహీ హై."

"ఇత్‌నీ జోర్ సే?" అన్నారు, ఇంత గట్టిగానా అన్నట్టు.

తర్వాత కంప్యూటర్ వచ్చా అని అడిగారు. నిజం చెప్పాను: ఉదయం పదింటికి వచ్చనుకున్నాను, ఇప్పుడు కొంచెం వచ్చు. ఆవిడ నవ్వారు. ఉద్యోగం వచ్చింది.

మర్నాడు సంఘంలో పిన్ని మామూలుగానే లేచి బదిలీ కోసం ప్రార్థన కోరింది. "ఈసారి దరఖాస్తు కూడా పెడుతున్నాం" అని కలిపింది. సోమవారం తనే ఆఫీసుకి వెళ్లి, కాగితం మీద రిజిస్టరు నంబరు పడేదాకా కదల్లేదు. రెండు నెలల్లో ఆర్డరు వచ్చింది. ఇంత త్వరగా పని జరగడం పద్ధతి కాదని బాబాయి చాలా రోజులు బాధపడ్డాడు. ఎండాకాలంలో ముగ్గురూ విశాఖపట్నం వెళ్లిపోయారు. చుట్టపుచూపుగా వచ్చిన నేను ఢిల్లీలో మిగిలాను.

ఇప్పుడు కంప్యూటర్లు ఎవర్నీ అడక్కుండా వాటంతటవే అప్‌డేట్ అవుతున్నాయి. గదిలో ఒక్కణ్నే కూర్చుని శాతాలు పెరగడం చూస్తాను. ఒక అంకె కోసం నలుగురు ఊపిరి బిగపట్టిన ఆ మధ్యాహ్నం గుర్తొచ్చి, అంతా తెలుసనుకుని తెగ మాట్లాడిన ఆ కుర్రాణ్ని తల్చుకుని నవ్వుకుంటాను. వాడికున్న ధైర్యం ఇన్ని పుస్తకాలు చదివిన నాకు లేదు.

ఇక కృతజ్ఞతలు. ఆలస్యమైనా పుస్తకానికి జరిమానా అడగని లైబ్రరీ అంకుల్‌కి. ఇప్పటికీ నన్ను పాపా సెక్షన్ క్లర్కనే పిలిచే చిట్టికి. వంటింటి ప్రార్థన పూర్తిగా విని కూడా ఉద్యోగమిచ్చిన మేడమ్‌కి. ఇద్దరు రోగుల్లో నన్ను ముందు చూసిన పిన్నికి. అందరికన్నా ఎక్కువగా బాబాయికి. ఆ పదకొండింటిలో ఏ ఒక్కటి పంపి ఉన్నా, నేను ఢిల్లీలో రైలు దిగిన రోజు వెళ్లడానికి నాకొక ఇల్లు ఉండేది కాదు.