ఎడమవైపు గజ్జెలు

ఎడమ స్పీకరు వైరు ఊడి నేల మీద పడి ఉంది. ఆయన మాత్రం కుర్చీలో కళ్లు మూసుకుని, తల ఊపుతూ తనకు ప్రాణమైన నాట్యసంగీతం రికార్డు వింటున్నారు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

ఆయన మెట్టుగూడలో మా పక్కింటి రిటైర్డ్ రైలింజను డ్రైవరు. మంచి రికార్డింగు ఉన్న ఎల్పీల కోసం సికింద్రాబాదంతా గాలించేవారు. పాట మొదలైతే కుదురుగా కూర్చునేవారు కాదు. స్పీకర్లను బెత్తెడు ముందుకు, మళ్లీ వెనక్కి జరిపేవారు. ఆ నాట్యసంగీతంలో ఎడమ స్పీకరు నుంచి ఒక్కో మువ్వ విడిగా మోగేది. నేను వెళ్లిన ప్రతిసారీ తన కుర్చీ ఇచ్చి అడిగేవారు.

"జెర ఇని చెప్పు బేటా. గజ్జెలు ఎటు దిక్కున్నయ్?"

"ఎడమకు, చాచా."

"సాఫ్ ఇనొస్తున్నయా? నువ్వు పేపర్ల రాసేది నమ్మ గానీ, నీ చెవులు నమ్ముతా."

అది నాకు పెట్టే పరీక్ష అనుకునేవాణ్ణి. ఇంజన్ల హోరులో అరిగిన ఆయన చెవులకు సన్నని చప్పుళ్లు అందడం లేదని ఆ వైరు చూశాకే తెలిసింది.

ఆయన కళ్లు తెరిచారు. "వచ్చినవా? గజ్జెలు మోగుతున్నయా?"

"మోగుతున్నాయి, చాచా."

ఆయన రికార్డు తిరగేస్తుండగా వంగి వైరు తగిలించాను. చూశారో లేదో తెలియదు. ఆ తర్వాత గజ్జెల సంగతి నన్నెప్పుడూ అడగలేదు.