అల్లుడు తెచ్చిన చేప

నా చిన్నప్పుడు నేను ఐదో తరగతిలోనే బడి వదిలేశానని మావాళ్ళు అందరికీ చెబుతుంటారు. అది అబద్ధం. బడే నన్ను వదిలేసింది. గాలానికి మరీ చిన్న చేప పడితే, పట్టినవాడు దాని మొహం ఒకసారి చూసి మళ్ళీ నీళ్ళలోకి విసిరేస్తాడే, అట్లా. అందుకని పదిమందీ పలకమీద నేర్చుకున్నవి నేను నీళ్ళ గట్టున నేర్చుకున్నాను. అందులో ఒకటి మా అవ్వ నేర్పింది. అదైనా నాకు నేర్పాలని కాదు, మా నాయనకు నేర్పాలని. నేను మధ్యలో మాటలు మోసేవాణ్ణి.

మాది నంద్యాల. అమ్మ పుట్టిల్లు ఆళ్లగడ్డ పక్కన ఒక పల్లె. అక్కడ మా తాత చేను వారన తవ్వించిన కుంట ఒకటి ఉండేది. తాత పోయాక దాని మంచిచెడ్డలు అవ్వే చూసుకునేది. ఆదివారం వచ్చిందంటే ఆళ్లగడ్డ నుంచి గాలాలవాళ్ళు సైకిళ్ళ మీద వచ్చేవారు. చేపలు అమ్ముకునేవాళ్ళు కారు, సరదా మనుషులు. ఒక్క కొర్రమీను కోసం పొద్దంతా చింతచెట్టు నీడన కూర్చుని, అది పడితే దాని పొడుగు గురించీ, పడకపోతే తప్పించుకున్నదాని పొడుగు గురించీ మాట్లాడుకునేవారు. అవ్వ వాళ్ళ దగ్గర ఏమీ తీసుకునేది కాదు. పైగా కుండెడు మజ్జిగ పంపేది. తాత ఉన్నప్పటి సందడి ఆ ఒక్కరోజు గట్టుమీదికి తిరిగొచ్చేది. ఆమెకు అదే కావాలి.

కొర్రమీను ఉన్నన్నాళ్ళే ఆ మనుషులు వస్తారని అవ్వకు బాగా తెలుసు. ఆమె పుట్టినూరు కొలిమిగుండ్ల వైపు. అక్కడి చెరువులో ఎవరో ముచ్చటపడి జిలేబి చేపలు వదిలారట. చదువుకున్నవాళ్ళు దాన్ని తిలాపియా అంటారు, మేం జిలేబి అంటాం. పేరులో తప్ప దానిలో తీపి లేదు. కొన్నేళ్ళు తిరిగేసరికి ఆ చెరువులో వేలెడంత జిలేబిలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. పరిగె చేపలు పోయాయి, కొర్రమీను పోయింది, గాలాలు అటకెక్కాయి. గట్టున పలకరించే మనిషి లేడు. ఆ సంగతి చెప్పేటప్పుడు అవ్వ గొంతు చిన్నదైపోయేది.

ఒక ఏడు మృగశిర కార్తెకు, ఆ రోజు చేప తినాలి కదా, నాయన నన్ను తీసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఒళ్ళో అల్యూమినియం క్యాన్, దానిమీద తడి గోనెసంచి, చేతిలో చిన్న వల. లోపల నంద్యాల చెరువులో పట్టిన జిలేబిలు ప్రాణంతో ఈదుతున్నాయి. కొర్రమీనుకు బతికున్న ఎర వేస్తేనే మర్యాద అని నాయన సిద్ధాంతం. బస్సు కుదిపినప్పుడల్లా క్యాన్‌లో నీళ్ళు పక్కాయన పంచె మీద పడుతున్నాయి, ఆయన నన్ను అనుమానంగా చూస్తున్నాడు.

ఆ ఎరతో నాయన ఆ రోజు నా చెయ్యంత కొర్రమీను పట్టాడు. మనిషి ఆనందానికి అంతు లేదు. ఆ ఆనందంలోనే దానం చేసే బుద్ధి పుట్టింది. క్యాన్‌లో మిగిలిన చేపలను కుంటలో వదలాలని లేచాడు.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. అత్త అల్లుడికి ఎదురుపడదు, నేరుగా మాట్లాడదు. చెప్పవలసింది మధ్యలో ఉన్న పిల్లలకు చెబుతుంది. అల్లుడూ అంతే. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినపడుతూనే ఉంటుంది, అయినా అది నా నోటి మీదుగా పోవలసిందే. అన్నిటికన్నా ముఖ్యం, అల్లుడు చేస్తానన్నదాన్ని అత్త కాదనకూడదు.

"ఒరే, మీ అవ్వకు చెప్పు. మిగిలినేటివి కుంటలో వదుల్తాండా. బుడ్డవి కొన్ని, పెద్దది ఒక్కటే. వచ్చే ఏడుకు కుంట నిండుతాది" అన్నాడు నాయన.

అవ్వ చింతచెట్టు వెనక నిలబడి ఉంది. అక్కణ్ణుంచే ఆమె గొంతు వినబడింది. "మీ నాయనకు చెప్పురా. అల్లుడు తెచ్చింది ఏదైనా ముందు అత్తింటి గడప దాటల్లంట. దాటకుండా నీళ్ళల్లో కలిపితే ఇంటికి మంచిది కాదంట."

"ఎవురన్నారంట అవ్వా?"

"చెప్పమన్నది చెప్పు. ఈ ప్రశ్నలు బడిలో అడిగింటే పాసయ్యేటోనివి."

వంచిన క్యాన్ అక్కడే ఆగిపోయింది. అటువంటి ఆచారం నాయన ఎన్నడూ వినలేదు. నేనూ వినలేదు. అవ్వ కూడా అప్పుడే మొదటిసారి విన్నట్టుంది. కానీ అత్తింటి ఆచారం తెలియదని ఏ అల్లుడు ఒప్పుకుంటాడు? "ఆ, అవునవును" అని క్యాన్ భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు.

ఇంట్లో అవ్వ చేపలను తెల్ల పింగాణీ బేసిన్‌లో పోయించింది. వంటింటి తలుపు చాటునుంచి, పెద్దదాని గొంతు చూడమని మీ నాయనకు చెప్పు అంది. గొంతు సంచిలా ఉబ్బి ఉంది. బాగా తిన్నట్టుందని నాయన కబురంపాడు. అప్పుడు అవ్వ నెత్తిన కొంగు కప్పుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, మొదటిసారి అల్లుడున్న వసారాలోకి వచ్చింది. చేపను అరచేతిలోకి తీసుకుని బొటనవేలితో దవడ మెల్లగా నొక్కింది. దాని నోట్లోంచి ఆవాలు ఒలికినట్టు పిల్లలు రాలాయి. కళ్ళున్న ఆవాలు. బేసిన్ సగం నల్లబడింది. తల్లిని మళ్ళీ నీళ్ళలో వదిలి, బేసిన్ తట్టమంది. తట్టాను. బెదిరిన పిల్లలన్నీ ఒక్క ఉదుటున తల్లి నోట్లోకి దూరిపోయాయి.

"పెద్దది ఒక్కటే అన్న్యాడు గదా మీ నాయన. ఎంచమను."

నాయన గొంతుక్కూర్చుని నిజంగానే ఎంచబోయాడు. కాసేపటికి తలెత్తి, ఆచారం మరిచిపోయి, "నాకు తెలీదత్తా" అన్నాడు నేరుగా.

అవ్వ మాత్రం నావైపే చూసి, "తెలీకే చెయ్యబోయినాడని నాకూ తెలుసని చెప్పు" అంది.

పెద్దదీ బుడ్డవీ పులుసులోకి వెళ్ళాయి. తల్లి నోట్లోంచి మళ్ళీ రాల్చిన పిల్లలున్న నీళ్ళను, కుంటకూ దాని పక్కన పారే వంకకూ ఎడంగా ఉన్న మునగచెట్టు మొదట్లో పోయమంది. నాకు ఏడుపొచ్చింది. పిల్లలు బెదరగానే నోరు తెరిచే ఆ తల్లి నా కళ్ళముందే ఉంది. అవ్వ కసరలేదు. నా చెయ్యి పట్టుకుని కుంట దగ్గరికి తీసుకుపోయింది. తుంగ పక్కన నీళ్ళమీద ఎర్రగా, కుంకం చల్లినట్టు ఏదో కదులుతోంది. కొర్రమీను పిల్లలు. వాటి కింద తల్లి నల్లటి నీడలా కాపలా తిరుగుతోంది. "పాపమేరా, నేను కాదన్నానా? ఈటికీ అమ్మ ఉండాది. ఇది మన కుంటను నమ్ముకోని పిల్లల్ని కనింది" అంది. మేం తిరిగొచ్చేసరికి నాయన ఎవరూ చెప్పకుండానే క్యానూ వలా కడిగి, ఎండలో కాలుతున్న బండమీద ఆరబెట్టేశాడు.

ఆ తరువాత నాయన ఏ నీళ్ళకు పోయినా ఎరగా అక్కడి ఎర్రలే తవ్వుకునేవాడు. నేనూ అంతే. ఒక చెరువులో ముంచిన వల ఎండి పెళపెళలాడేదాకా ఇంకో చెరువులో పెట్టను. ఒక్క చేపే కదా, ఒక్క చెంబే కదా అని ఎవరైనా అంటే ఆ తెల్ల బేసిన్ గుర్తొస్తుంది. ఇప్పుడు నాయన లేడు, అవ్వ లేదు. మా ఇంట్లో అత్తలూ అల్లుళ్ళూ ఎదురెదురుగా కూర్చుని హాయిగా మాట్లాడుకుంటారు. మంచిదే. కానీ నా నెత్తిమీదుగా పోయే ఆ మాటల కోసం, చింతచెట్టు చాటునుంచి వచ్చే ఆ గొంతు కోసం చెవులు ఇప్పటికీ వెతుక్కుంటాయి.

అవ్వ ఉండగానే, నాకు మీసాలొచ్చాక ఒక ఏడు వంక పొంగి, కాలువ నీళ్ళు వచ్చి కుంటలో కలిశాయి. ఆ నీళ్ళతో పాటు జిలేబిలూ వచ్చాయి. అప్పటికి అవ్వకు చూపు మందగించింది. నా నోరు ఊరుకుంటుందా? పక్కన కూర్చుని, "అంత కాపలా కాసినావు, చివరకు ఏం లాభమొచ్చిందవ్వా?" అని ఎగతాళి చేశాను.

అవ్వ నా గొంతు వచ్చిన దిక్కుకు తల తిప్పింది. "వంక తెచ్చింది. మన చెయ్యి తేలేదు గదా. అయినా లాభం అడిగేటోడా, ఇన్నేండ్లూ ఈడికొచ్చి నువ్వు మింగిన కొర్రమీన్లు యాడివిరా, మీ నంద్యాలనుంచి నడిచొచ్చినాయా?"