కొలతలమ్మ వదిలేసిన మూడు ఫైళ్ళు

ఆమెను అందరూ కొలతలమ్మ అనే పిలుస్తారు. కృత్రిమ కాళ్ళు చేసే ఆ వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్ళుగా మెడలో టేపు వేసుకుని తిరుగుతోంది. కొలతలు కాగితాల మీంచి కంప్యూటర్లోకి మారిన రోజున, టైపు వచ్చిన మనిషి ఆమె ఒక్కతే కావడంతో, కంప్యూటరూ ఆమె నెత్తినే పడింది.

కొలతల ప్రోగ్రాము మరీ పాతది. ఇప్పటి మిషన్ల మీద నడవదు. అందుకని ఎప్పుడో ఎవరో దాన్ని వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్లో మరో కంప్యూటరుగా, ఒక పెద్ద ఫైల్లో పెట్టిపోయారు. ఇప్పుడు కొత్త సర్వరు వచ్చింది. దానికి ఆ ఫైలు వేరే ఫార్మాట్లో కావాలి. కంప్యూటర్ల పనిచేసే మేనల్లుడు ఫోన్లో చెప్పిన కమాండు చీటీ మీద రాసుకుని, పొద్దున్నే నల్ల తెర మీద ఒక్కో అక్షరమే కొట్టింది. ఆ నల్ల తెరంటే ఆమెకు మొదటినుంచీ భయం. నిజంగానే చెయ్యమంటావా అని ఒక్క మాట అడగదు. ఎంటర్ నొక్కితే చేసేస్తుంది.

అంకెలు నూరు శాతానికి చేరాయి. కొత్త సర్వరులో ప్రోగ్రాము తెరుచుకుంది, పేర్లు కనబడ్డాయి. "అయిపోయింది సార్" అని వర్క్‌షాపు చూసుకునే డాక్టరుకు చెప్పి వచ్చింది. రోగుల వివరాలున్న డిస్కులు బయటికి పోకూడదని నియమం. పాత సర్వరులోని డిస్కులకు చిల్లులు పొడవమని డాక్టరు సంతకం పెట్టి కిందికి, కాళ్ళు బిగించే ఫిట్టరు దగ్గరికి పంపాడు.

పదకొండింటికి ఒక పెద్దాయన చంకకర్రల మీద వచ్చాడు, తన కాలు తీసుకుపోదామని. అలమారలో నలభై రెండు కాళ్ళు తయారుగా ఉన్నాయి. వాటి మీద నంబర్లే ఉంటాయి, పేర్లుండవు. ఏ నంబరు ఎవరిదో ప్రోగ్రాముకే తెలుసు. కొలతలమ్మ ఆయన పేరు కొట్టింది. లేదు. ఇంటిపేరుతో వెతికింది. లేదు. తేదీల వరసన పెట్టి చూసింది. అన్నిటికంటే చివర ఎక్కించిన కొలత నాలుగేళ్ళ కిందటిది.

"కూర్చోండి బాబాయ్, ఒక్క నిమిషం" అంది. వరండాలోకి వచ్చి మేనల్లుడికి ఫోను చేసింది.

"అత్తా, పాతదాంట్లో ఆ ఫోల్డర్లో ఒకటే ఫైలుందా?"

"ఒక పెద్దది. దాని పక్కన చిన్నవి మూడు, అదే పేరుకి నంబర్లేసి. అవి తునకలనుకున్నాన్రా. అచ్చు తీశాక చుట్టూ సుద్దముక్కలు రాల్తాయి చూడు, అలాంటివేమోనని వదిలేశా."

"అవి తునకలు కావత్తా. నాలుగేళ్ళ కిందట ఎవరో స్నాప్‌షాట్ తీశారు, అంటే ఆ రోజుకి ఉన్నదాన్ని ఉన్నట్టే నిలిపేశారు. అప్పట్నుంచి పెద్దదాన్ని ముట్టుకోకుండా, కొత్త కొలతలన్నీ చిన్నవాటిలోకే పోతున్నాయి. పోనీలే, పాత సర్వరు ఉందిగా?"

అప్పుడు కింద డ్రిల్లు మోగింది.

మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. ఫోను చేతిలోనే ఉంది. "ఆపవయ్యా! ఆపు!"

ఫిట్టరు మిషను ఆపి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఏంటక్కా, నా చేతికేమన్నా చిల్లు పడిందా, అంత కేక పెట్టావ్?"

బల్ల మీద మూడు చిల్లులతో ఒక డిస్కు పడి ఉంది. రెండోది బిగింపులో ఉంది. డ్రిల్లు మొన దానికి ఆనింది కానీ ఇంకా దిగలేదు. పైన గోరంత గీత పడింది.

"రెండున్నాయిరా. ఒకటి పోయింది" అంది ఫోన్లో. పక్కనున్న స్టూలు పట్టుకుంది.

"రెండూ ఒకే సైజా?"

"ఒకటే."

"అద్దంలా పెట్టుంటే ఇందులో ఉన్నదే అందులోనూ ఉంటుంది. సగం సగం పంచి పెట్టుంటే మాత్రం..."

"పెట్టుంటే?"

"ముందు దాన్ని సర్వరులో పెట్టు."

ఫిట్టరు ఇక హాస్యం ఆడలేదు. డిస్కును పసిబిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతులా పైకి తెచ్చాడు. బిగించి మీట నొక్కగానే ఎర్రదీపం వెలిగి, సర్వరు ఆగకుండా కీచుమని అరవడం మొదలుపెట్టింది. కొలతలమ్మ చెవులు మూసుకుంది.

"ఏడుస్తోందిరా! తెర మీద మాత్రం నాలుగు ఫైళ్ళూ కనిపిస్తున్నాయి."

"తోడు పోయిందని ఏడుస్తోందత్తా. ఏడుస్తోందంటే బతికుందన్నమాటే. అద్దంలానే పెట్టారు. నాలుగు ఫైళ్ళూ కొత్తదాంట్లోకి తెచ్చుకో. ఈసారి కమాండులో పెద్దదాని పేరివ్వకు. మూడో చిన్నదాని పేరివ్వు. వెనకవాటిని అదే వెతుక్కుంటుంది."

కొట్టింది. చదివింది. ఫిట్టరు చేత కూడా చదివించింది. ఎంటర్ మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. పదమూడు శాతం దగ్గర అంకె కదలకుండా నిలబడిపోయింది. పక్కగదిలో పాతది కీచుమంటూనే ఉంది. ఇంటికి ఫోను చేసి ఈ ఉద్యోగం ఇక లేదని ఏ మాటలతో చెప్పాలో కూడా ఆలోచించింది. అంకె పద్నాలుగైంది.

నూరు చేరేసరికి ఒంటిగంట దాటింది. ఈసారి పేర్లు చూసి ఊరుకోలేదు. చివరి తేదీ చూసింది. నిన్నటిది. నిన్నటి తొడకొలత తనకు గుర్తున్నదే. అప్పటికీ నమ్మకం చాలక, అలమారలోని నలభై రెండు నంబర్లనూ ఫిట్టరు ఒక్కొక్కటే చదువుతుంటే ఒక్కొక్కటే వెతికింది. పెద్దాయనది పదిహేడో నంబరు. కాలు తొడిగి, పట్టీలు బిగించి, ఆయన్ను నిలబెట్టింది.

"ఏమ్మా, బిగించిన పట్టీనే మళ్ళీ బిగిస్తున్నావు? పొద్దున్నుంచీ తిన్లేదా?"

"లేదు బాబాయ్" అంది.

ఆయన వెళ్ళాక డాక్టరు గది తలుపు తట్టింది.

"పొద్దున అయిపోయిందని చెప్పాను సార్. అప్పటికి కాలేదు. చూడకుండా చెప్పాను. నాలుగేళ్ళ కొలతలు పోయేవి. ఫిట్టరు ఇంకో నిమిషం తొందరపడుంటే పోయేవి."

ఆయన కలం కింద పెట్టాడు. కోప్పడతాడనుకుంది.

"ఈ పని నీకు కాక ఇక్కడ ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు సార్" అంది. మెడలో టేపు సర్దుకుని, "నాకూ తెలీదు" అంది.